లోపలి ఫారం

ప్రెస్సులో ఆవిడని అందరూ మడతలత్త అంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేసేది ఒకటే పని. మెషిన్ మీద అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని ప్రెస్సువాళ్ళు ఫారం అంటారు. ఆ ఫారాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, మడత మీద చెక్క బద్దతో ఒక్క రుద్దు రుద్ది పక్కన పెట్టాలి. తర్వాత ఒక ఫారంలో ఇంకో ఫారం దూర్చి, నడుమ రెండు పిన్నులు కొట్టి, అంచులు కోతకి పంపాలి.

ఈ పనికి చదువెందుకు అంటారు చాలామంది. మడతలత్త ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ చదువు వృథాగా పోనివ్వడం ఇష్టంలేక, తన చేతికిందనుంచి పోయిన ప్రతి కాగితాన్నీ చదివింది. బస్సుల టైము పట్టికలు చదివింది. నొప్పి మాత్రల డబ్బాల్లో పెట్టే చీటీలు చదివింది. ఆస్తి దగ్గర చెడిన అన్నదమ్ములు ఒకరిమీద ఒకరు వేయించుకున్న కరపత్రాలు రెండువైపులవీ చదివి, తప్పు తమ్ముడిదేనని తీర్పు కూడా చెప్పింది. "మడతపెట్టే చేతికి కళ్ళెందుకత్తా" అని ప్రెస్సు ఓనరు వేళాకోళమాడితే, "నీ కళ్ళు పని చెయ్యని రోజున పనికొస్తాయిలే బాబూ" అనేది. ఓనరు తండ్రి హయాంలో ఆవిడ పనిలో చేరింది. అప్పుడు ఈ బాబు కాగితం ముక్కలతో పడవలు చేసుకునేవాడు. అంచేత ఆవిడ మాట ఆ ప్రెస్సులో సగం చెల్లుతుంది.

ఆవిడకి రెండు గర్వాలు. ఒకటి, తను కుట్టిన పుస్తకంలో ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పేజీ అటుదిటు కాలేదు. రెండోది, గోడ బీరువా తాళం తన కొంగున ఉంది. పెద్ద ఓనరు పెట్టిన పద్ధతి ప్రకారం ప్రెస్సులో ఏది అచ్చయినా ఒక ప్రతి ఆ బీరువాలోకి పోవాలి. దాని పేరు ఆఫీసు కాపీ. మీద ఎర్ర పెన్సిలుతో తారీఖు రాసి, పురికొస కట్టి, ఏడాది వారీగా పేర్చాలి. పెద్ద ఓనరు పోయాక ఆ పద్ధతి అందరూ మర్చిపోయారు. మడతలత్త ఒక్కతే మర్చిపోలేదు.

ఇక ఈసారిగారి సంగతి. ఆయన ఎన్నికల్లో నిలబడే మనిషి. నోరు తెరిస్తే "ఈసారి" అనే మొదలుపెడతాడు కాబట్టి జనం ఆ పేరు పెట్టారు. పదేళ్ళ కిందట మొదటిసారి నిలబడి ఓడిపోయాడు. పాపం, మంచివాడిలా ఉన్నాడే అనుకున్నారు. రెండోసారి గెలిపించారు. ఐదేళ్ళు పదవి వెలగబెట్టి ఇప్పుడు మూడోసారి వచ్చాడు. మూడుసార్లూ ఆయన హామీల పుస్తకం అచ్చయింది ఈ ప్రెస్సులోనే. పదహారు పేజీలు, రెండు ఫారాలు. పై ఫారంలో ఆయన బొమ్మ, ఆయన నాన్నగారి బొమ్మ, ఎన్నికల గుర్తు, చేతులు జోడించిన విన్నపం ఉంటాయి. అసలు సరుకంతా లోపలి ఫారంలో ఉంటుంది. వైద్యం, చదువు, వ్యాపారం.

అరచేతిలో వైకుంఠం ఎలా చూపించాలో ఆ ఎనిమిది పేజీలు చూసి నేర్చుకోవచ్చు.

మూడో పుస్తకం పని నడుస్తున్న వారంలో, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి, మడతలత్తకి పక్కింటావిడ ఫోను చేసింది. "మీ ఆయనకి మళ్ళీ ఊపిరాడటం లేదు, తొందరగా రా." చేతిలో బద్ద అలాగే పట్టుకుని పరిగెత్తింది.

ఆవిడ భర్తని ప్రెస్సులో మెషిన్ మావయ్య అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు కాలితో తొక్కే మెషిన్ తొక్కాడు. రోజూ రోలర్లని కిరసనాయిలుతో కడిగాడు. సిరా వాసన, కాగితం దుమ్ము, కిరసనాయిలు ఆవిరి అన్నీ ఊపిరితిత్తుల్లో దాచుకుని ఇంటికొచ్చాడు. మనిషి హాస్యగాడు. "నా గుండెల్లో ఒక ప్రెస్సు నడుస్తోందే, ఆర్డర్లే లేవు" అంటాడు. ఆ మధ్యాహ్నం మాత్రం హాస్యమాడటానికి గాలి చాల్లేదు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలిని లాగుతున్నాడు. అది లోపలికి పోవడం లేదు.

వీధి చివర ఆరోగ్య కేంద్రం ఉంది. రెండు గదులు, నీలం తలుపు. డాక్టరమ్మ వారానికి మూడు రోజులు వస్తుంది, కాంపౌండరు రోజూ వస్తాడు. ఊపిరాడనివాళ్ళకి మందుని ఆవిరిలా పట్టే మెషిన్ ఉంది. ముక్కుకి పెట్టే తొడుగులు ఉన్నాయి, మందుంది, కరెంటుంది. పన్నెండు దాటితే లేనిదొక్కటే, తలుపు తీసే మనిషి. పన్నెండు కొట్టగానే కాంపౌండరు తాళం బిగించి సైకిలెక్కుతాడు. అంటే ఆ వీధిలో రోగాలు కూడా ఆఫీసు టైము చూసుకుని రావాలి.

మూసి ఉంటుందని తెలిసీ మడతలత్త భర్తని ముందు అక్కడికే నడిపించింది. ఆశ అలాంటిది. తాళం వేలాడుతోంది. కిటికీ లోంచి చూస్తే మెషిన్ కనబడుతోంది, మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆవిడకీ ఆ మెషిన్‌కీ మధ్య రెండడుగుల దూరం, ఒక కిటికీ ఊచ. అక్కడినుంచి ఆటో ఎక్కి, లారీల వెనక ఆగి ఆగి, పెద్దాసుపత్రికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి మావయ్య పెదాలు ప్రెస్సు సిరా రంగులోకి తిరిగాయి.

గండం గడిచాక కుర్ర డాక్టరు బయటికి వచ్చాడు. "ఇంకో పావుగంట ఆలస్యమైతే నా దగ్గరికి తెచ్చి లాభం లేదమ్మా. ఈయనకి ఈ జబ్బు మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు పది నిమిషాల్లో మందు పడాలి. మీ దగ్గర్లో ఆరోగ్య కేంద్రం ఏదీ లేదా?"

"ఉంది బాబూ" అంది మడతలత్త. "దానికి మంచి తాళం కూడా ఉంది."

మర్నాడు బుధవారం, సాయంత్రానికి పుస్తకాలు అప్పగించాలి. భర్తని పక్కింటావిడకి అప్పజెప్పి పనికి వచ్చింది. మనిషి వచ్చింది గానీ మనసు మంచం దగ్గరే ఉంది. బల్ల కింద అరలోంచి లోపలి ఫారాల కట్టలు రెండు లాగి, కాగితం చుట్టు చింపి, మడవడం మొదలుపెట్టింది. చేతులకి పని తెలుసు, అవి చేసుకుపోయాయి. కళ్ళు మాత్రం ఒక్క అక్షరం చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆవిడ చదవకుండా మడిచింది. సాయంత్రానికి వెయ్యి పుస్తకాలు బండెక్కి ఈసారిగారి ఆఫీసుకి వెళ్ళిపోయాయి.

గురువారం పొద్దున అర ఊడుస్తుంటే రెండు కట్టలు చేతికి తగిలాయి. కొత్త లోపలి ఫారాలు. నిన్న అయిపోవాల్సినవి. ఆవిడ చీపురు అక్కడే పడేసింది. చెత్తబుట్టలోంచి నిన్న చింపిన చుట్టు కాగితం తీసి చూసింది. మీద ఎర్ర పెన్సిలు తారీఖు ఉంది, ఐదేళ్ళ కిందటిది. రాసింది తనే.

పోయినసారి ఎన్నిక ముగిశాక మిగిలిపోయిన ఫారాలవి. ఓనరు ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదు, అచ్చయిన కాగితాన్ని కూడా పొట్లాలకి పనికొస్తుందని అట్టేపెట్టాడు. అదే సైజు, అదే కాగితం. గట్టిగా చుట్టి ఉండబట్టి రంగు కూడా మారలేదు. కొత్త బట్టలు కట్టుకున్న పుస్తకం కడుపులో ఐదేళ్ళనాటి హామీలు పెట్టి పిన్నులు కొట్టి పంపేసిందన్నమాట.

ఓనరు దగ్గరికి వెళ్ళి, "బాబూ, తప్పు జరిగిపోయింది" అంది. ఆ మాట చెప్పడం ఆవిడకి కొత్త. సంగతి విని ఓనరు కుర్చీలో కూలబడ్డాడు.

"వెయ్యీనా అత్తా?"

"వెయ్యీ. ఫోను చేసి చెప్పేద్దాం. నా జీతంలో పట్టుకో, మళ్ళీ కుట్టిస్తాను."

"చెప్తే ఇంకెప్పుడైనా మన గడప తొక్కుతారా? రెండ్రోజులు ఆగు. తేలు కుట్టిన దొంగల్లా ఉందాం. వాళ్ళే అడిగితే అప్పుడు కాళ్ళమీద పడదాం."

ఆ రెండు రోజులూ మడతలత్తకి ముద్ద దిగలేదు. బయట మోటారు సైకిలు ఆగిన ప్రతిసారీ గుండె ఆగింది. తన ముప్ఫై ఒక్క ఏళ్ళ పరువు ఈసారిగారి మనుషుల చేతుల్లో ఉందని కుమిలిపోయింది. వాళ్ళ చేతుల్లో ఎవరి పరువైనా ఏం భద్రంగా ఉంటుంది గనక.

శనివారం వచ్చాడు ఆయన ముఖ్య అనుచరుడు, అందరూ తెల్లచొక్కా అనే మనిషి. చేతిలో ఆ పుస్తకమే. మడతలత్త లేచి నిలబడింది.

"పుస్తకం అదిరిపోయిందండీ" అన్నాడు తెల్లచొక్కా ఓనరుతో. "సారు స్వయంగా మొదటినుంచి చివరిదాకా చదివారు. ఒక్క అక్షరం కూడా మార్చొద్దన్నారు. ఇలాంటివే ఇంకో ఐదువేలు కావాలి."

తెల్లచొక్కా పుస్తకం తెరిచి, "ఈ వైద్యం పేజీ ఉంది చూశారూ, జనం ఏడ్చేస్తారు. శుక్రవారం సాయంత్రం బడి ఆవరణలో సభ పెట్టాం. ఈ పేజీ మేం చదివితే బాగోదు, ఎవరైనా కష్టజీవి, ఆడమనిషి అయితే బావుంటుందన్నారు సారు. మీ దగ్గర చదవడం వచ్చినవాళ్ళున్నారా?" అన్నాడు.

గండం తప్పిన సంతోషంలో ఓనరు ముందూ వెనకా చూడలేదు. "మా అత్త ఉందిగా. వార్తలు చదివినట్టు చదువుతుంది" అని చూపించేశాడు.

తెల్లచొక్కా వెళ్ళాక ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావా అత్తా, ఆయన పుస్తకం ఆయనే గుర్తుపట్టలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పోయి పని చేసుకో."

మడతలత్తకి నవ్వు రాలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక బీరువా తాళం తీసి, పాత రెండు ఆఫీసు కాపీలూ, అరలో మిగిలిన కొత్త లోపలి ఫారంతో అప్పటికప్పుడు సరిగ్గా కుట్టిన మూడోదీ బల్లమీద పక్కపక్కన పరిచింది.

వైద్యం పేజీ. పదేళ్ళ కిందటి పుస్తకంలో, "ప్రతి వార్డులో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆరోగ్య కేంద్రం ఆరు నెలల్లో." ఐదేళ్ళ కిందటి దాంట్లో అదే వాక్యం, "ఏడాదిలోగా." ఇప్పటి దాంట్లో అదే వాక్యం, "రెండేళ్ళలోగా." మిగతా అక్షరాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అంటే మొన్న తను తప్పుగా కుట్టిన వెయ్యి పుస్తకాలు అందుకున్నవాళ్ళకి ఆసుపత్రి ఒక ఏడాది ముందే వస్తుంది. తన తప్పువల్ల జనానికి లాభమే జరిగింది.

చదువు పేజీలో "ప్రతి బడికీ ప్రయోగశాల" అని మొదటి రెండుసార్లు ఉంది. మూడోసారి "డిజిటల్ ప్రయోగశాల" అయింది. మడతలత్త కూతురి కూతురు సభ పెట్టబోయే ఆ బడిలోనే ఏడో తరగతి. అక్కడ ప్రయోగశాల అని బోర్డున్న గది ఒకటుంది, ఐదేళ్ళకోసారి ఎన్నికల సామాను దాచడానికి తెరుస్తారు. మూడు తరగతులకి కలిపి ఒక్క సైన్సు టీచరు. ఆవిడ బోర్డుమీద గాజు గొట్టం బొమ్మ గీసి, "ఇందులో నీళ్ళు మరుగుతున్నాయి అనుకోండి" అంటుందట. పిల్లలు అనుకుంటారు. ఏడో తరగతి దాకా అనుకుంటూనే వచ్చారు.

ఇక వ్యాపారం పేజీ చూసేసరికి మడతలత్త చెవులు వేడెక్కాయి. "సొంత కాళ్ళమీద నిలబడే ప్రతి మహిళకీ పూచీ లేని రుణం" అని మూడుసార్లూ ఉంది. పక్కన కుట్టుమెషిన్ ముందు నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. మూడుసార్లూ అదే అమ్మాయి, అదే మెషిన్, అదే పసుపు గుడ్డ సూది కింద. పదేళ్ళయినా ఆ అమ్మాయి ఆ ఒక్క జాకెట్టూ పూర్తి చెయ్యలేకపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆ మాట నమ్మి మడతలత్త దరఖాస్తు పెట్టుకుంది. పాత కోత మెషిన్ ఒకటి కొనుక్కుని ఇంటి వరండాలో సొంతంగా బైండింగు పెడితే, భర్తని కళ్ళముందు పెట్టుకుని పని చేసుకోవచ్చని ఆవిడ ఆశ. ఆఫీసులో, పూచీ అక్కర్లేదు గానీ ఒక ప్రభుత్వోద్యోగి సంతకం కావాలన్నారు. ఆ సంతకం తెస్తే, బైండింగు వచ్చినట్టు తర్ఫీదు పత్రం కావాలన్నారు. తాతకి దగ్గులు నేర్పినట్టు, అప్పటికే ఇరవై ఏడేళ్ళు ఫారాలు మడిచినావిణ్ణి ఆరు వారాలు బెంచీమీద కూర్చోబెట్టారు. నేర్పడానికొచ్చిన కుర్రాడు మడత బద్దని తలకిందులుగా పట్టుకున్నాడు. ఆవిడే వాడి చెయ్యి పట్టుకుని సరిచేసింది. చివరికి పత్రం చేతికొచ్చేసరికి ఆ ఏటి పథకం ముగిసిందన్నారు. ఆ పత్రాన్ని కూడా ఆఫీసు కాపీగా బీరువాలో పెట్టుకుంది.

మూడు పుస్తకాలూ మూసి, వాటిమీద అరచెయ్యి వేసి కూర్చుంది. ఆవిడకి వచ్చిన కోపం ఈ పాటి అని చెప్పడానికి లేదు. మోసం చేశాడని కాదు, అది కొత్తేం కాదు. తను రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చింది దేనికి? ఒక పేజీ మారిపోతే చదివేవాళ్ళ బతుకు తప్పుదారి పడుతుందని కదా, పుస్తకం అంటే అంత నమ్మకం కదా. ఆ పుస్తకాన్ని రాయించినవాడికి దాని కడుపులో ఏముందో అక్కర్లేదు. ఏది పెట్టినా ఒకటే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పేవాడికి తను చెప్పేదే లోకువ. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను చేసిన ఒక్కగానొక్క తప్పుని తప్పు కాకుండా చేసి పారేశాడే అని ఆవిడ ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం సభకి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. వెళ్ళేముందు కొత్త పుస్తకం ఒకటి తీసుకుని, పిన్నులు ఊడదీసి, లోపలి ఫారం తీసేసింది. పదేళ్ళనాటి ఆఫీసు కాపీలోంచి లోపలి ఫారం తీసి అందులో దూర్చి, కొత్తగా పిన్నులు కొట్టింది. మొదటిసారి పొరపాటున చేసిన పనిని ఈసారి తెలిసి చేసింది.

బడి ఆవరణ నిండింది. వేదిక మీద ఈసారిగారు, పక్కన తెల్లచొక్కా. మైకు ఆవిడ ఎత్తుకి దించారు. మడతలత్త కళ్ళజోడు సర్దుకుని, వైద్యం పేజీ తెరిచి, నిదానంగా, ఒత్తులు మింగకుండా చదివింది. "ప్రతి వార్డులో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆరోగ్య కేంద్రం ఆరు నెలల్లో" అని చదివి ఆగింది. ఈసారిగారు కళ్ళు అరమోడ్చి, ప్రతి మాటకీ తలూపుతున్నాడు. ఆవిడ ఆగేసరికి ఆవిడ మైకులోకే వంగి తర్వాతి వాక్యం తనే అప్పజెప్పేశాడు. "డాక్టరు లేని పూట ఉండదు, మందు లేని రోజు ఉండదు." చప్పట్లు మోగాయి.

"విన్నారా" అన్నాడు. "ఈ అమ్మ కష్టజీవి, ఈ అమ్మ నోట నా మాట విన్నారు. ఆరు నెలలంటే ఆరు నెలలే. ఈసారి మాట తప్పను."

"అయ్యా, ఒక్క మాట" అంది మడతలత్త. మైకు ఇంకా ఆవిడ ముందే ఉంది. "ఈ ఎన్నికకి మీరు అచ్చుకిచ్చిన దాంట్లో రెండేళ్ళని ఉందండి. నేను చదివింది మీ పదేళ్ళ కిందటి పుస్తకం. నడుమ పుస్తకంలో ఏడాదని వేశారు. మూడూ మడిచింది నేనేనండి."

పుస్తకం ఎత్తి పట్టుకుని, పేజీ అడుగున చిన్నగా అచ్చయిన సంవత్సరం అంకె చదివి వినిపించింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, అది ముందు వరసదాకా పాకింది. తెల్లచొక్కా మైకు వైపు రాబోయాడు గానీ, ఇంతమంది ముందు పెద్దావిడ ముందునుంచి లాక్కోవడం బాగోదని ఆగిపోయాడు.

"ఆరు నెలల్లో కట్టలేదని నేను అడగటం లేదండి" అంది ఆవిడ. "ఏమీ కట్టొద్దు. గదులున్నాయి, మెషినుంది, మందుంది. మా ఆయన మొన్న ఆ కిటికీ బయట ఊపిరందక నిలబడ్డాడు. పన్నెండు దాటాక తాళం తియ్యండి, అంతే. దానికి పుస్తకం అచ్చెయ్యక్కర్లేదు."

ఈసారిగారు తక్కువ తిన్నవాడు కాదు, వెంటనే తేరుకున్నాడు. చేతులు జోడించి, "అమ్మా, నా కళ్ళు తెరిపించావు. ఈసారి" అని మొదలుపెట్టాడు. ఆ మాటకి సభ సభంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఆయన ముఖం ఎర్రబడింది. "రేపటి నుంచే. రేపటి నుంచే రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంటుంది. నా మాట" అనేసి కూర్చున్నాడు.

ఐదువేల ఆర్డరు ఆ రాత్రే పోయింది. మర్నాడు ఓనరు మడతలత్త ముఖం చూడకుండానే, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండత్తా" అన్నాడు. ఆవిడ చెక్క బద్ద చీరకొంగులో చుట్టుకుని, బీరువా తాళం బల్లమీద పెట్టి వచ్చేసింది.

చిత్రమేమిటంటే, ఆరోగ్య కేంద్రం నిజంగానే తెరిచారు. పన్నెండు దాటినా నీలం తలుపు బార్లా తీసి ఉంది, రెండో కాంపౌండరు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి మావయ్యకి మళ్ళీ వచ్చింది. మడతలత్త ఆయన్ని పొదివి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించింది. కాంపౌండరు తెల్లగుడ్డ తీశాడు, మందు పోశాడు, తొడుగు ముక్కుకి పెట్టాడు, స్విచ్చి నొక్కాడు. పది నిమిషాలు. మావయ్య భుజాలు కిందికి దిగాయి. పెదాల రంగు మారనే లేదు. తొడుగు పక్కకి జరిపి, "ప్రెస్సుకి ఆర్డరొచ్చిందే" అన్నాడు.

మడతలత్త గోడకి ఆనుకుని ఏడ్చింది. భర్త బతికాడని ఏడ్చిందనుకున్నాడు కాంపౌండరు. ఆవిడ ఏడ్చింది కోపంతో. ఇంతేనా, అనుకుంది. ఒక తాళం, ఒక స్విచ్చి. పదేళ్ళుగా ఆరు నెలలు, ఏడాది, రెండేళ్ళు అని లెక్కలు చెప్పింది దీనికా? ఒక్క పూట నవ్వులపాలయ్యేసరికి రాత్రికి రాత్రి చెయ్యగలిగిన పనికా? ఆయన పదవిలో ఉన్న ఐదేళ్ళలోనే ఈ కిటికీ బయట నిలబడి, ఆటో దొరక్క, దొరికినా చేరక, ఎంతమంది పోయుంటారు? చేతకాక చెయ్యలేదనుకుంటే క్షమించేదేమో. చేతనయ్యీ చెయ్యలేదు.

"బాబూ, ఇది ఎన్నాళ్ళు తెరిచి ఉంటుంది?" అని అడిగింది.

కాంపౌండరు మెషిన్ తుడుస్తూ, "నోటి మాట ఆర్డరండి. పోలింగ్ రోజుదాకా అన్నారు. ఇంకా రెండ్రోజులుంది" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

ఆ సాయంత్రమే ఓనరు ఇంటికి వచ్చాడు, చంకలో ఒక కట్ట. గుమ్మంలో నిలబడి కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఆ తర్వాత కక్కలేక మింగలేక అసలు సంగతి చెప్పాడు. కొత్తగా పెట్టుకున్న మనిషి పిల్లల ఎక్కాల పుస్తకం కుడితే పదమూడో ఎక్కం తర్వాత ఏడో ఎక్కం వచ్చిందట, అది కూడా తలకిందులుగా. "రేపటినుంచి వచ్చెయ్యత్తా. బీరువా తాళం కూడా తెచ్చాను."

మడతలత్త తాళం కొంగున ముడేసుకుంది. "వస్తాను బాబూ. పోలింగ్ మర్నాటి నుంచి మాత్రం పన్నెండు దాటాక ప్రెస్సులో ఉండను. ఆ పూట పని ఆరోగ్య కేంద్రానికి పంపించు."

"అక్కడికెందుకు?"

"పంపించు చెప్తాను."

ఓటెవరికి వేసిందో మడతలత్త ఎవరికీ చెప్పలేదు. పోలింగ్ మర్నాడు, ఎవరు గెలిచారో ఇంకా తెలియని రోజున, సరిగ్గా పన్నెండింటికి పాత కాంపౌండరు తాళం పట్టుకుని బయటికి వచ్చాడు. నీలం తలుపు గుమ్మం నడుమ మడతలత్త చాప పరుచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఎక్కాల పుస్తకం ఫారాలు, చేతిలో చెక్క బద్ద. వెనక గోడ పక్కన మావయ్య కుర్చీలో కూర్చుని నింపాదిగా గాలి పీల్చుకుంటున్నాడు. పక్కింటావిడ కూడా వచ్చింది. సైన్సు టీచరు భోజనం డబ్బాతో వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"లేవండమ్మా, తలుపు వెయ్యాలి" అన్నాడు కాంపౌండరు.

"వేసుకో. మడత విరగకుండా వెయ్యి, పిల్లల పుస్తకం."

"నా చేతిలో ఏముందమ్మా, పైనుంచి రాతలో ఆర్డరు లేదు."

"రాత వచ్చేదాకా కూర్చుంటాను. నాకు పని ఇక్కడికే వస్తుంది" అంది మడతలత్త, తల ఎత్తకుండా.

కాంపౌండరు ఆవిడ వైపు చూశాడు, మెట్టు మీదున్నవాళ్ళ వైపు చూశాడు, తాళం వైపు చూశాడు. సైకిలు తీసి మళ్ళీ స్టాండు వేశాడు. లోపలికి వెళ్ళి మెషిన్ మీది తెల్లగుడ్డ తీసి మడతపెట్టాడు. అది వంకరగా వచ్చిందని ఆవిడ అడిగి తీసుకుని మళ్ళీ మడిచి ఇచ్చింది. మూడింటికి రెండో కట్ట విప్పింది.